హోండా ఎస్2000: ఇంటికొచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

అట్లాంటాకి ఉత్తరాన మేముండే కాలనీలో ఏ గ్యారేజీ తలుపు లేచినా లోపల ఒక మినీవ్యాను, ఒక టెస్లా కనిపిస్తాయి. మా గ్యారేజీలో మినీవ్యాన్ పక్కన 2003 నాటి వెండిరంగు హోండా ఎస్2000 ఉంటుంది. సత్యనారాయణ వ్రతానికో పిల్లల పుట్టినరోజుకో వచ్చినవాళ్లు భోజనాలయ్యాక చెప్పులు వెతుక్కుంటూ గ్యారేజీలోకి తొంగి చూస్తారు. ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. తొమ్మిదేళ్లుగా అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు అరిగిపోయింది కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది నిజంగా హోండానేనా? సివిక్, అకార్డ్ చేసే హోండానా?

ఆ హోండానే. 1998లో కంపెనీకి యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంలో తమకు తాము ఇచ్చుకున్న కానుక లాంటిది ఈ కారు. 1995 టోక్యో మోటార్ షోలో ఎస్ఎస్ఎం అనే నమూనా చూపించారు, 1999లో అసలు కారు అమ్మకానికి వచ్చింది. దీని వెనకున్న ఇంజినీరు షిగెరు ఉఎహారా. అంతకుముందు ఎన్ఎస్ఎక్స్ అనే హోండా స్పోర్ట్స్ కారు చేయించింది కూడా ఆయనే.

పేరులోని 'ఎస్' పాతదే. 1960లలో హోండా ఎస్500, ఎస్600, ఎస్800 అని చిన్న చిన్న స్పోర్ట్స్ కార్లు చేసింది. అంకె ఇంజిన్ సైజు. 2000 అంటే రెండు లీటర్లు. ఇంజిన్ ముందుండి, వెనుక చక్రాలు తిరిగే కారుని హోండా ఎస్800 తర్వాత మళ్లీ చేయడానికి ముప్పై ఏళ్లు పట్టింది. రెండే సీట్లు, గుడ్డ టాప్, ఆరు గేర్ల మాన్యువల్. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో ఈ కారు ఒక్కటి కూడా తయారు కాలేదు.

మైలేజ్ ఎంత ఇస్తుంది?

మన వాళ్లలో ఈ ప్రశ్న అడగకుండా ఇంటికి వెళ్లినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. గ్యాలన్‌కి 22 నుంచి 24 మైళ్లు, అంటే లీటరుకి సుమారు పది కిలోమీటర్లు. అదీ ప్రీమియం పెట్రోల్ పోస్తే.

తెనాలి నుంచి నాన్న ఫోన్లో అడిగినప్పుడు ఇదే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన ఇరవై ఏళ్లు హీరో హోండా సీడీ 100 నడిపిన మనిషి. నెలకి ఎన్ని లీటర్లు పోయించిందీ చిన్న పాకెట్ పుస్తకంలో రాసుకునేవారు. హోండా అన్న మాటకి మా ఇంట్లో ఉన్న అర్థం మైలేజ్ ఒక్కటే. "అదే కంపెనీయేనంటావా?" అని మళ్లీ అడిగారు. అవునన్నాను. "ఎవరో మోసం చేసుంటారు, కాయితాలు సరిగ్గా చూసుకో" అన్నారు.

మీ ఆవిడ ఒడిస్సీకి 280 హార్స్‌పవర్ అట. ఈ స్పోర్ట్స్ కారుకి 240యేనా?

నిజమే. మా ఇంట్లో ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న బండి పిల్లల్ని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్లే వ్యాన్. ఈ మాట మా ఆవిడ ప్రతి పార్టీలోనూ ఒకసారి గుర్తు చేస్తుంది.

కాకపోతే ఒడిస్సీది మూడున్నర లీటర్ల వీ6. దీనిది టర్బో లేని రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. లీటరుకి 120 హార్స్‌పవర్ అన్నమాట. జపాన్‌లో అమ్మిన కారులో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే మోతాదు) ఇంకాస్త ఎక్కువ, అక్కడ 250 వరకూ ఇచ్చేది. 1999లో టర్బో లేకుండా రోడ్డు మీద తిరిగే కారులో ఇంత పిండటం మాటలు కాదు. 2000 నుంచి 2004 దాకా వరసగా ఐదేళ్లు తన సైజులో అంతర్జాతీయ 'ఇంజిన్ ఆఫ్ ది ఇయర్' బహుమతి దీనికే వచ్చింది.

సిగ్నల్ దగ్గర పక్కింటి టెస్లాతో పోటీ పెడతావా అంటే, పెట్టను. అది అరవై మైళ్లు ఐదు సెకన్లలోపే అందుకుంటుంది, అదీ చప్పుడు లేకుండా. నేను క్లచ్ వదిలి రెండో గేరు వేసేసరికి దాని వెనక లైట్లు కూడా చిన్నగా కనిపిస్తాయి. ఈ కారు కొన్నది సిగ్నల్ దగ్గర గెలవడానికి కాదు.

మరి దేనికి కొన్నావు? ఆ 9,000 ఆర్‌పీఎం గోల ఏంటి?

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఈ కారు గురించి నాకు తెలిసినదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

మామూలు కార్ల ఇంజిన్ నిమిషానికి ఆరు వేల చుట్లు దాటితే ఆయాసపడుతుంది. ఈ కారులో ఆరు వేల దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఇంతకు మించి తిప్పకూడదని మీటర్ మీద పెట్టిన ఎర్ర గీత 9,000 దగ్గర. పూర్తి 240 హార్స్‌పవర్ 8,300 దగ్గర గానీ రాదు.

ఇది ఎలా పనిచేస్తుందంటే: ఒక్కో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, అంటే గాలి లోపలికీ పొగ బయటికీ పోయే చిన్న తలుపులు. వాటిని తెరిచే కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీద చిన్న కామ్‌లూ (గుడ్డు ఆకారపు బొడిపెలు) ఉంటాయి, వాటి మధ్యలో ఒక పెద్ద కామూ ఉంటుంది. నిదానంగా పోతున్నప్పుడు చిన్న కామ్‌లే వాల్వుల్ని నడుపుతాయి. కారు మెత్తగా, బుద్ధిగా ఉంటుంది. ఆర్‌పీఎం ఆరు వేల దగ్గరికి రాగానే ఆయిల్ ప్రెషర్ ఒక చిన్న పిన్నుని పక్కకి తోస్తుంది. దాంతో రాకర్లు (కామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే మీటలు) ఒకదానికొకటి లాక్ అయి పెద్ద కామ్ మాట వినడం మొదలుపెడతాయి. వాల్వులు ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి. దీన్నే వీటెక్ అంటారు. ఒకే ఇంజిన్‌కి రెండు స్వభావాలు పెట్టారన్నమాట.

పిస్టన్ ఒక్కసారి కదిలే దూరం 84 మిల్లీమీటర్లు. 9,000 ఆర్‌పీఎం దగ్గర అది సగటున సెకనుకి 25 మీటర్ల వేగంతో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రేసు ఇంజిన్లకి చెప్పే లెక్క ఇది. అలాంటి ఇంజిన్ వేసి, వారంటీ ఇచ్చి, షోరూములో సివిక్ పక్కన పెట్టి అమ్మారు.

చిన్నప్పుడు మా బాబాయికి యమహా ఆర్ఎక్స్ 100 ఉండేది. దుగ్గిరాల వైపు కాలవ పక్క రోడ్డు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని, "గట్టిగా పట్టుకోరా" అని ఒక్క మాట అని యాక్సిలరేటర్ తిప్పేవాడు. కాసేపు ఏమీ అయ్యేది కాదు. ఆ తర్వాత ఉన్నట్టుండి శబ్దం మారేది, కడుపులో ఏదో లేచేది, బండి ముందుకి దూకేది. నాన్న సీడీ 100 మీద అది ఎప్పుడూ జరగలేదు. ఎస్2000 మొదటిసారి నడిపినప్పుడు మూడో గేరులో ముల్లు (ముల్లు లేదు లెండి, రంగు గీతలే) ఆరు వేలు దాటగానే నాకు వినిపించింది బాబాయి బండి. రెండింటి ఇంజిన్లకీ పోలికే లేదు, అది టూ స్ట్రోకు. అయినా అడిగితే గానీ ఇవ్వని గుణం రెండింటిలోనూ ఉంది.

ఈ కారులో నాకు నచ్చింది అదే. నిర్లక్ష్యంగా నడిపితే ఇది పాత సివిక్‌లా పోతుంది, ఇంకా చెప్పాలంటే దానికన్నా నీరసంగా. గరిష్ఠ టార్క్, అంటే లాగే శక్తి, 208 న్యూటన్ మీటర్లే, అదీ 7,500 దగ్గర. కొండ ఎక్కుతూ ఐదో గేరులో కాలు నొక్కితే ఏమీ జరగదు. కిందికి రెండు గేర్లు దిగాలి, ఇంజిన్‌ని పైకి తేవాలి, అక్కడే పట్టి ఉంచాలి. పనంతా నాది. ఇప్పటి కార్లు ఎవరు కూర్చున్నా ఒకేలా పోతాయి. ఇది మాత్రం నేను ఇవాళ సరిగ్గా నడిపానా లేదా అన్నది ప్రతి మలుపులోనూ చెప్తుంది.

గేర్ల గురించి అందరూ అంతలా పొగుడుతారు, ఎందుకు?

గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుని ఉంటుంది. మధ్యలో తీగలూ లింకులూ లేవు. మణికట్టు కదిపితే చాలు, టక్కున పడుతుంది. హారతి ఇచ్చేటప్పుడు చెయ్యి ఎంత తిరుగుతుందో అంతే. ఇంతకన్నా మాటల్లో చెప్పలేను, కూర్చుని చూడాల్సిందే.

ఏపీ1, ఏపీ2 అంటారు. అదేంటి, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషనా?

ఈ జోకు నేనే మొదలుపెట్టాను, ఇప్పుడు నా మీదకే వస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 01 ఆదిలాబాద్, ఏపీ 02 అనంతపురం, మాది గుంటూరు ఏపీ 07. ఇక్కడ మాత్రం అవి కారు ఛాసిస్ కోడ్‌లు. వీఐఎన్ అనే కారు గుర్తింపు నంబరులోనే కనిపిస్తాయి.

అమెరికాలో 2000 నుంచి 2003 మోడల్ దాకా ఏపీ1, 2004 నుంచి 2009 దాకా ఏపీ2. ఏపీ1లో రెండు లీటర్లు, 9,000 గీత, 16 అంగుళాల చక్రాలు. ఏపీ2లో స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) పెంచి 2.2 లీటర్లు చేశారు (సరిగ్గా 2,157 సీసీ), గీత 8,000కి దించారు, చక్రాలు 17 అంగుళాలు అయ్యాయి, వెనక సస్పెన్షన్ మార్చారు. హార్స్‌పవర్ అటూ ఇటుగా అంతే, కానీ కింద ఆర్‌పీఎంలో లాగే శక్తి కాస్త పెరిగింది. యూరప్‌లో మాత్రం చివరిదాకా రెండు లీటర్ల ఇంజినే ఇచ్చారు.

ఏది మంచిది? రోజూ ఆఫీసుకి పోవాలంటే ఏపీ2. అందులోనూ 2006 నుంచి కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే భద్రం. నాకు ఆ చివరి వెయ్యి ఆర్‌పీఎం కావాలి కాబట్టి ఏపీ1 కొన్నాను. అందులోనూ 2002, 2003 కార్లకి వెనక కిటికీ అద్దంతో వస్తుంది. అంతకుముందువి ప్లాస్టిక్, ఎండకి పసుపు పచ్చగా మారి మడతల దగ్గర చిట్లుతుంది.

రంగుల పేర్లు కూడా చెప్పాలి. సిల్వర్‌స్టోన్, సుజుకా, స్పా, సెబ్రింగ్, ఇమోలా: చాలావరకు రేస్ ట్రాకుల పేర్లే. నాది సిల్వర్‌స్టోన్. మా అమ్మ దాన్ని "స్టీలు గిన్నె రంగు" అంటుంది.

వెనక చక్రాలు జారి గిర్రున తిరుగుతుందంటారు, నిజమేనా?

నిజమే. నాకు జరిగింది. తప్పు కారుది కాదు, నాది.

కొన్న రెండో నెల. వాన వెలిసి అరగంట అయింది. హైవే దిగే వంపులో కొంచెం వేగంగా వచ్చాననిపించి, భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాను. చేయకూడని పని అదొక్కటే. బరువంతా ముందుకి పోయింది, వెనక చక్రాలు తేలికయ్యాయి, కారు నేను వచ్చిన దారిని నాకు చూపించింది. పక్కన గడ్డిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ చేతులు వణకడం ఆగడానికి పావుగంట పట్టింది.

ఏపీ1లో వెనక సస్పెన్షన్ కిందికీ పైకీ కదిలినప్పుడు చక్రాల కోణం కూడా మారుతుంది. అందుకే మలుపులో చురుగ్గా ఉంటుంది, అందుకే తప్పు చేస్తే క్షమించదు. ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఏబీఎస్ ఒక్కటే ఉంది.

ఇంటికొచ్చి టైర్లు చూశాను. గీతలు బాగానే లోతుగా ఉన్నాయి, అవి చూసే నేను మోసపోయాను. టైర్ పక్కన 'డాట్' అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా వెనక టైర్ల వయసు తొమ్మిదేళ్లు, రబ్బరు చెక్కలా గట్టిపడిపోయింది. ఎండలో నిలబడి తక్కువ నడిచే కార్లకి ఇదే జబ్బు: గీత అరగదు, రబ్బరు చస్తుంది. ఈ కారు కొంటే మొదటి ఖర్చు మంచి టైర్ల మీదే పెట్టండి. రెండో ఖర్చు అలైన్‌మెంట్.

అంత మంచి కారైతే ఎందుకు ఆపేశారు?

కొనేవాళ్లు తగ్గారు. 2002లో అమెరికాలోనే తొమ్మిది వేలకు పైగా అమ్ముడుపోయిన కారు, 2009లో వెయ్యి కూడా పోలేదు. పదేళ్లు దాదాపు అదే రూపంలో ఉంచారు. ఈలోగా పోటీ కార్లకి హార్స్‌పవర్ పెరిగింది, స్క్రీన్లు వచ్చాయి. దీని డ్యాష్‌బోర్డులో మాత్రం రేడియో ఒక మూత వెనక దాక్కుని ఉంటుంది. ఆ పైన 2008 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. ఆ డిసెంబర్‌లో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది, కొన్ని నెలలకే ఎస్2000 కూడా ఆగిపోయింది. ముందు తోచిగి జిల్లాలోని తకానెజావా ఫ్యాక్టరీలో, తర్వాత సుజుకాలో, మొత్తం 1,10,673 కార్లు తయారయ్యాయి. సగానికి పైగా ఉత్తర అమెరికాకే వచ్చాయి.

దాని చోటులో మరొకటి రాలేదు. జపాన్‌లో ఎస్660 అని బుల్లి కారు కొన్నేళ్లు అమ్మారు, అది వేరే తరగతి.

సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నాను. ఏం చూడాలి?

ముందు మనిషిని చూడండి, తర్వాత కారుని. అమ్మేవాడు బిల్లుల ఫైలు తీసి చూపిస్తే సగం పని అయిపోయినట్టే. "లైట్ మోడ్స్ మాత్రమే" (చిన్న చిన్న మార్పులే చేయించాను) అంటూ నవ్వితే వచ్చిన దారిన వెళ్లిపోండి.

అమెరికా కార్లలో బానెట్, డోర్లు, ఫెండర్లు, బంపర్ల మీద వీఐఎన్ ఉన్న చిన్న స్టిక్కర్లుంటాయి. వాటి నంబర్లు కలవకపోయినా, స్టిక్కరే లేకపోయినా ఆ భాగం మార్చారనో రంగు వేశారనో అర్థం. కాయితాల్లో యాక్సిడెంట్ లేదని రాసుంటే అంత మాత్రాన నమ్మకండి.

ఇంజిన్ విషయంలో అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడైనా పొరపాటున కింది గేరు వేశారా? నాలుగు నుంచి ఐదుకి పోబోయి మూడులో పడితే చక్రాలే ఇంజిన్‌ని పదివేలు దాటిస్తాయి. కంప్యూటర్ పెట్రోల్ ఆపగలదు గానీ చక్రాల్ని ఆపలేదు. అప్పుడు వాల్వ్ స్ప్రింగుల్ని పట్టుకునే చిన్న రిటైనర్లు, ముఖ్యంగా ఏపీ1లో, పగుళ్లు తీస్తాయి. ఎన్నో వేల మైళ్ల తర్వాత అది విరిగి వాల్వు సిలిండర్‌లో పడితే ఇంజిన్ పని అయిపోతుంది. ఎవరూ "అవును, వేశాను" అని చెప్పరు కాబట్టి సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించండి. సిలిండర్ లోపలి గోడలు ఫైబర్ కలిపిన ప్రత్యేకమైన లోహం. గీతలు పడితే మామూలు ఇంజిన్‌లా బోర్ చేయించి సర్దుకోవడం కుదరదు.

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గలగలమని శబ్దం వస్తే టైమింగ్ చెయిన్ టెన్షనర్. పేరులో టెన్షన్ ఉంది గానీ పెద్దగా పడక్కర్లేదు, మార్చేస్తే పోతుంది. క్లచ్ తొక్కినప్పుడు పిచ్చుకల్లా కిచకిచమంటే క్లచ్ బేరింగ్. దానికి గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి ధర తగ్గించమని అడగండి.

చివరగా సీట్ల వెనకున్న కార్పెట్ మీద చెయ్యి పెట్టి నొక్కండి. తడిగా ఉంటే టాప్ దగ్గర నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు నిండాయన్నమాట.

మెయింటెనెన్స్ చేతులు కాలుస్తుందా?

లేదు, అది హోండా కాబట్టి. ఆయిల్ మాత్రం ప్రతిసారీ పెట్రోల్ పోయించినప్పుడు చూసుకోవాలి. 9,000 దాకా తిప్పితే కొంచెం తాగుతుంది, తాగనివ్వాలి. వాల్వుల సందు అప్పుడప్పుడు కొలిపించాలి. స్పార్క్ ప్లగ్గులు వదులయ్యే అలవాటుంది, ఏడాదికోసారి బిగువు చూసుకుంటే మంచిది. గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ చౌక, పని తేలిక. ఆ రెండూ నేనే మార్చుకుంటాను.

ఒకసారి మాత్రం బద్ధకించి ఒక షెడ్డుకి ఇచ్చాను. కంప్యూటర్ పెట్టి చూసి "ఇంజిన్ సెన్సర్లన్నీ పోయాయి" అని రెండు వేల డాలర్ల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి చూస్తే బ్యాటరీ తీగ వదులుగా ఉంది. పది మిల్లీమీటర్ల పానా, అర నిమిషం.

జార్జియాలో అట్లాంటా చుట్టుపక్కల పదమూడు కౌంటీల్లో ఏటా పొగ పరీక్ష ఉంటుంది. మోడల్‌కి 25 ఏళ్లు నిండితే మినహాయింపు. నాది పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ పాసైంది. అక్కడున్న కుర్రాడు కావాలని నెమ్మదిగా చేస్తాడు, కాసేపు కూర్చోవచ్చని.

వానాకాలం, చలికాలం, ఎండాకాలం: టాప్‌తో ఇబ్బంది లేదా?

మీట నొక్కితే ఆరేడు సెకన్లలో టాప్ వెనక్కి పోతుంది. చలికాలమే నాకిష్టం: టాప్ దించి, అద్దాలు పైకెత్తి, కాళ్ల దగ్గర హీటర్ పూర్తిగా పెడితే నడుము కింద వేసవి, నడుము పైన డిసెంబర్. జూలైలో మాత్రం టాప్ దించితే తల మాడిపోతుంది, మన వైపు మే నెల గుర్తొస్తుంది.

అసలు శత్రువు మార్చి, ఏప్రిల్ నెలల పైన్ పుప్పొడి. ఇక్కడి పైన్ చెట్లు రాల్చే పొడికి అట్లాంటా మొత్తం పచ్చబడిపోతుంది. ఒకసారి టాప్ దించి ఆఫీసు పార్కింగులో మర్చిపోయాను. సాయంత్రానికి సీట్లూ స్టీరింగూ దుగ్గిరాల పసుపు యార్డులో ఆరబెట్టినట్టున్నాయి.

పూజ చేయించావా?

చేయించకుండా ఉంటానా! రివర్‌డేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర. నిమ్మకాయలు ఎంత చిన్నవి తెచ్చినా ఈ కారు ఎత్తుకి భయమే వేసింది. పూజారి గారు ఎర్రటి స్టార్ట్ బటన్‌కి కూడా బొట్టు పెట్టారు. తాళం చెవి తిప్పి, ఆ తర్వాత బటన్ నొక్కి స్టార్ట్ చేయాలి దీన్ని. ఆ కుంకుమ మరక బటన్ అంచున సన్నగా ఇప్పటికీ ఉంది, తుడవలేదు.

ఎక్కడ నడుపుతావు? ఇక్కడన్నీ తిన్నటి హైవేలే కదా.

హైవే మీద ఇది హింస. డెబ్బై మైళ్ల వేగంలో ఆరో గేరులో కూడా ఇంజిన్ 3,600 తిరుగుతూ చెవిలో జోరీగలా ఉంటుంది. అందుకే ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరి డలోనెగా దాటేస్తాను. అక్కడి నుంచి కొండలు. 60వ నంబరు రోడ్డు మీద సూచెస్ దాకా, అక్కడి నుంచి 180 మీద వుల్ఫ్ పెన్ గ్యాప్, బ్లడ్ మౌంటెన్ పక్కనుంచి యూఎస్ 129 మీద వెనక్కి. వుల్ఫ్ పెన్ గ్యాప్ రోడ్డులో రెండు, మూడు గేర్లతోనే పని. స్పీడ్ లిమిట్ లోపలే ఉండి కూడా చేతులకీ కాళ్లకీ తీరిక దొరకదు. ఈ కారు గొప్పదనం అక్కడ తెలుస్తుంది. ఇంజిన్ ముందు ఇరుసు వెనక్కి జరిగి ఉంటుంది, బరువు ముందూ వెనకా సగం సగం. ముక్కు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఏడాదికోసారి అదే యూఎస్ 129 పట్టుకుని ఇంకా ఉత్తరానికి, నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులోని 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్'కి వెళ్తాను. 11 మైళ్లలో 318 మలుపులు. పేరు పెద్దది, జనం ఎక్కువ, మలుపుల్లో కెమెరాలు పెట్టుకుని ఫోటోలు తీసి అమ్మేవాళ్లు ఇంకా ఎక్కువ. నన్నడిగితే వుల్ఫ్ పెన్ గ్యాపే మేలు. సూచెస్‌లో ఆగితే గాలి తప్ప ఏమీ వినబడదు, ఇంజిన్ చల్లారుతూ టిక్ టిక్ మనడం తప్ప.

ఇద్దరే కూర్చుంటారు. పిల్లలెక్కడ?

వంతులు. గొడవ జరుగుతుంది, వంతుల పట్టిక ఫ్రిజ్ మీద ఉంది. వెనక్కి తిప్పి పెట్టే పసిపిల్లల సీటుని మాత్రం ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు, అందుకే చిన్నది పెద్దయ్యేదాకా దీంట్లో ఎక్కలేదు. కోస్ట్‌కోకి తీసుకెళ్లావా అని అడుగుతారు. ఒక బియ్యం బస్తా, పాల క్యాను పట్టాయి. అంతే, మనిషి పట్టలేదు.

ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్లొచ్చా?

కుదరదు. వాడిన కారుని ఇండియాకి దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇది రెండింటిలోనూ ఫెయిల్. ఎస్2000ని హోండా ఇండియాలో ఎప్పుడూ అమ్మలేదు కూడా. నాన్న ఇక్కడికి వస్తేనే ఎక్కాలి. నాలుగేళ్ల కింద వచ్చారు. ఎక్కడానికి మోకాళ్లతో కుస్తీ పట్టారు, దిగడానికి నా చెయ్యి పట్టుకున్నారు. మధ్యలో నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి ఫోన్లో బాబాయికి చెప్తుంటే విన్నాను: "నీ ఆర్ఎక్స్ లాగే అరుస్తుందిరా."

ఇప్పుడు రేటు బాగా పెరిగిందట కదా. ఎప్పుడు అమ్ముతావు?

పెరిగింది. నేను 17 వేల డాలర్లకి కొన్నాను, అదే కారు ఇప్పుడు ఆ ధరకి దొరకదు. 2008, 2009లో అమెరికాకి 'సీఆర్' అని గుడ్డ టాప్ తీసేసి, అల్యూమినియం హార్డ్ టాప్ ఇచ్చి, ట్రాక్ కోసం చేసిన కార్లు ఏడు వందల లోపే వచ్చాయి. వాటిలో అసలు నడపనివి లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోయాయి.

పెట్టుబడి అనుకుని ఈ కారు కొనేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ జాలి ఉంది. కవర్ కప్పి, మీటర్ మీద మైళ్లు పెరక్కుండా దాచుకోవడానికి ఇందులో ఏముంది? బొమ్మలా చూస్తే ఇది అంత అందగత్తె కూడా కాదు. దీని గుణమంతా ఆరు వేలకి పైనే ఉంది, ఆగి ఉన్నప్పుడు అది సున్నా. నేను కొన్నప్పుడు మీటర్ మీద 58 వేల మైళ్లు, ఇప్పుడు లక్షా నాలుగు వేలు. ప్రతి మైలుకీ రేటు తగ్గుతుందని మా కొలీగ్ లెక్కేసి చెప్పాడు. నిజమే కావచ్చు. ఒక పని మాత్రం చేశాను: మామూలు ఇన్సూరెన్స్ తీసేసి, ముందే ధర ఒప్పుకుని రాసే పాలసీ తీసుకున్నాను. పాత కారు అని చిల్లర చేతిలో పెట్టకుండా.

టర్బో పెట్టించొచ్చుగా?

వద్దు. టర్బో పెడితే మూడు వేల దగ్గరే శక్తి వస్తుంది. అది కావాలంటే వేరే కార్లు బోలెడు.

ఒక్కసారి నడపనిస్తావా?

ఇస్తాను. నిజంగానే ఇస్తాను, ఇప్పటికి పదకొండు మందికి ఇచ్చాను. ఊళ్లో అంబాసిడర్ మీదో మారుతి 800 మీదో నేర్చుకున్నవాళ్లకి క్లచ్ కొత్త కాదు. ఇక్కడ పుట్టిన మేనల్లుళ్ల కన్నా వాళ్ల నాన్నలే బాగా నడుపుతారు. ఒక్క తేడా, ఇక్కడ గేరు కుడి చేతికి వస్తుంది. మొదటి పది నిమిషాలు ఎడమ చెయ్యి డోర్ హ్యాండిల్ దగ్గర గేరు వెతుక్కుంటుంది, కంగారు పడకండి.

షరతులు మూడే. టెంపరేచర్ మీటర్ మీద మూడు గీతలు వెలిగేదాకా నాలుగు వేలు దాటకూడదు. చల్లగా ఉన్నప్పుడు వీటెక్ ఎలాగూ పనిచేయదు. మలుపులో భయమేస్తే కాలు ఒక్కసారిగా తీయకూడదు, ఎందుకో పైన రాశాను. మూడోది, ఆరు వేల దగ్గర శబ్దం మారగానే చాలామంది ఉలిక్కిపడి గేరు మార్చేస్తారు. మార్చకండి. ఇంకా మూడు వేలు ఉంది.